ఆషాఢంలో గేమ్ పెట్టె బదిలీ గురించి

కోరుట్ల,
27 జూన్ 2025.

సిరిసిల్ల వాస్తవ్యులు, గౌరవనీయులైన వియ్యంకులు శ్రీ నర్సన్న గారికి చంద్రయ్య నమస్కరించి వ్రాయునది.

విషయం: తమ కుమార్తె కాపురానికి వస్తూ వెంట తెచ్చిన వీడియో గేమ్ యంత్రాన్ని మార్పిడి చేయుటకు తమ సమ్మతి కోరుట.

సూచిక: పెళ్ళిలో పెరుగు చాలకపోవడంపై మన మధ్య ఫోనులో జరిగిన సంభాషణ, తదుపరి మధ్యవర్తి గణేశ్ "ఇగ మీరిద్దరు ఫోన్ల మాట్లాడుడు బంద్. ఏదున్నా కాయితం మీద రాసుకోండ్రి" అని కుదిర్చిన ఒప్పందం.

చిరంజీవి అమృత ఆషాఢం పట్టకముందే క్షేమంగా తమ ఇల్లు చేరిందని తెలిసి సంతోషం. కొత్త కోడలు, అత్త ఈ మాసంలో ఒకే గడప దాటరాదన్న ఆచారాన్ని మా ఇంట్లో తు.చ. తప్పక పాటిస్తున్నామని మనవి.

ఇక విషయానికి వస్తాను. అమృత తెచ్చిన సదరు యంత్రం (ఇకపై 'పెట్టె') మా హాలులోని టీవీకి అనుసంధానమై ఉన్నది. అది వచ్చిన నాటి నుండి నేను ఏడు గంటల వార్తలు చూడలేదు. ఈ కాలంలో దేశంలో జరిగినవన్నీ నా పరిశీలనకు రాకుండానే జరిగాయి.

తమ అల్లుడు అక్షయ్ ఉద్యోగరీత్యా రోజూ జగిత్యాలకు బస్సులో వెళ్ళి వస్తున్నాడు. అక్కడొక దుకాణంలో ఆషాఢం ఆఫర్ పెట్టారట. ఇంటి పెట్టె ఇస్తే, చేతిలో పట్టుకొని ఆడుకునే చిన్న పెట్టె ఇస్తారు. "ఇంట్ల కూసుండి ఆడే డబ్బాల కాలం అయిపోయింది బాపూ. ముంగట అంత చేతిలదే" అని వాడి వాదన. నేను పరిశీలించాను. గోడ గడియారం చేతికి వచ్చింది. బల్ల మీది టెలిఫోను జేబులోకి వచ్చింది. ఉద్యోగుల్లో సైతం బదిలీ అయ్యేవాడే పైకి వస్తాడు. నేను పన్నెండేళ్ళుగా ఒకే కుర్చీలో సూపరింటెండెంటుగా ఉన్నాను. కావున భవిష్యత్తు కదిలే పెట్టెదేనని నా అభిప్రాయం.

ఈ ప్రతిపాదనపై ఇంట్లో ఒక్క అభ్యంతరం వచ్చింది. నా భార్య జమున, అమృత కలిసి ఆ పెట్టెలో ఒక పొలం సాగు చేస్తున్నారు. "డబ్బ పోతే మా పొలం పోతది. పోనియ్య" అని ఆమె నోటిమాటగా తెలిపింది. అభ్యంతరం లిఖితపూర్వకంగా లేనందున పరిగణనలోకి తీసుకోలేదు.

పెట్టె తమ అమ్మాయిది గనుక తమ సమ్మతి అవసరం. త్వరగా తెలియజేయగలరు.

తమ విధేయుడు,
చంద్రయ్య

•

సిరిసిల్ల,
1 జులై 2025.

వియ్యంకులు చంద్రయ్య గారి సముఖమునకు, మరమగ్గాల సంఘం కార్యదర్శి నర్సన్న వ్రాసుకొను ప్రత్యుత్తరం.

తమ లేఖ అందింది. పెరుగు ప్రస్తావన సూచికలోనే తెచ్చినందుకు కృతజ్ఞతలు. ఆ రోజు పెరుగు చాలింది. వడ్డించినవారు తమ వైపు వారు. ఈ విషయం ఇంతటితో ముగిస్తున్నాను.

పెట్టె మార్పిడికి నేను సమ్మతించలేను. కారణం చెప్పడానికి మా తాత దగ్గరికి వెళ్ళాలి. ఆయన గుంత మగ్గం ఇంటి నట్టనడుమ ఉండేది. అది కదిలేది కాదు. కనుక మేమే దాని చుట్టూ కదిలేవాళ్ళం. తాత నేస్తుంటే నాయనమ్మ కండెలు చుట్టేది, పిల్లలం తెగిన పోగులు వెతికేవాళ్ళం. పొద్దున కొట్లాడుకున్నవాళ్ళు కూడా మగ్గం దగ్గర మాట్లాడుకోక తప్పేది కాదు. ఇంట్లో నాటుకున్న యంత్రానికి ఆ గుణం ఉన్నది. కాబట్టి భవిష్యత్తు ఇంటి పెట్టెదే.

కదిలే పెట్టె సంగతి నాకు ఇటీవలే అనుభవానికి వచ్చింది. మా తమ్ముడు ఎల్లన్న దుబాయి నుండి సెలవు మీద వచ్చి, అమృతకు సరిగ్గా అటువంటిదే ఒకటి కానుకగా ఇచ్చాడు. నాటి నుండి బిడ్డ మాకు దొరకడం లేదు. "అన్నం తింటవా?" అని తల్లి అడిగితే "ఆగవే అమ్మా, బర్రెలు ఎదురుసూస్తున్నయి" అంటున్నది. మా ఇంట్లో బర్రెలు లేవు. విచారించగా, ఇక్కడ చేతి పెట్టె తెరిస్తే ఇంటర్నెట్టు మీదుగా తమ హాలులోని పొలంలోకే వెళ్ళవచ్చునట. అంటే మా అమ్మాయి శరీరం మాత్రమే సిరిసిల్లలో ఉన్నది. హాజరు కోరుట్లలోనే వేసుకోగలరు.

పొలం తమ పెట్టెలోనే ఉంటుంది గనుక పెట్టె పోతే ఆ భూమికి అతీగతీ ఉండదని అమ్మాయి కచ్చితంగా చెప్పమన్నది. చెప్పాను.

భవదీయుడు,
నర్సన్న

•

కోరుట్ల,
5 జులై 2025.

వియ్యంకులు నర్సన్న గారికి చంద్రయ్య నమస్కారాలు.

పెరుగుపై తమ వివరణను నమోదు చేసుకున్నాను. అంగీకరించలేదు.

తమ మగ్గం వాదనను మూడుమార్లు చదివాను. మా నాయన కాలంలో రేడియో చుట్టూ వాడకట్టంతా కూర్చునేది. రేడియో కదలలేదు, జనం కదలలేదు, మాటలు మాత్రం కదిలాయి. కావున నా పూర్వపు అభిప్రాయాన్ని సవరించుకుంటున్నాను. ఇంటి పెట్టెకే భవిష్యత్తు. మార్పిడిని నిలుపుదల చేయమని అక్షయ్‌కు చెప్పాను. "నిలుపుదల అంటే వద్దనుడా, తర్వాత అనుడా?" అని అడిగాడు. అటువంటి స్పష్టత ఈ దశలో ఇవ్వలేనన్నాను.

అయితే ఒక కొత్త సమస్య. నా భార్య కొద్దిరోజులుగా దిగాలుగా ఉంటున్నది. సాయంత్రం రిమోట్ చేతపట్టి టీవీ ముందు కూర్చుంటుంది. "అయ్యో, తడుస్తున్న గదనే" అంటుంది. కొంగుతో ముఖం తుడుచుకుంటుంది. హాలులో వాన లేదు. వార్తలు తప్ప టీవీలో వేరేదీ చూడనని నేను నిర్ణయించుకున్నందున తెర వైపు తిరగలేదు. కారణం అడిగితే "మీకేం ఎరుక, మీరు పేపర్ సదువుండ్రి" అన్నది. కూరలో ఉప్పు లేదు.

తమ అమ్మాయితో ఆమె రోజూ ఫోనులో మాట్లాడుతుంది. తమ వైపు నుండి విచారణ జరిపి నివేదిక పంపగలరని ప్రార్థన.

తమ విధేయుడు,
చంద్రయ్య

•

సిరిసిల్ల,
9 జులై 2025.
(గణేశ్ చేతికి ఇచ్చి పంపడమైనది)

వియ్యంకులు చంద్రయ్య గారి సముఖమునకు,

గణేశ్ కోరుట్ల వైపు వస్తున్నాడు. తపాలా కంటే ముందే అందుతుందని ఆయన చేతికే ఇస్తున్నాను. విచారణ పూర్తయింది.

ఆ ఆటలో పొలంతోపాటు ఒక ఇల్లు ఉన్నది. అందులో ఉండే బొమ్మలు రెండు. ఒకటి వియ్యపురాలు, ఒకటి అమృత. అమృత ఇక్కడి నుండి ఆటలోకి ప్రవేశించినప్పుడల్లా ఆమె బొమ్మ ఆ ఇంటి గడప దాటి బయటికి వస్తుంది. అది చూసిన నాటి నుండి వియ్యపురాలు తన బొమ్మను ఆ గడప తొక్కనివ్వడం లేదు. ఆషాఢం గదా. రాత్రంతా బర్రెల కొట్టం పక్కన వానలో నిలబెడుతున్నారు. ఆ ఆట నియమం ప్రకారం రాత్రి ఇంట్లో పడుకోని మనిషి సొమ్మసిల్లి పడిపోతుంది. మరునాడు సగం పనికి కూడా ఓపిక ఉండదు. పొలంలో వేసిన మక్కజొన్న ఎండుముఖం పట్టింది.

వారిద్దరి మధ్య ఫోనులో జరిగిన వాదం నేను పక్కనుండి విన్నంతవరకు ఇది:

"అత్తమ్మా, గది ఆట. అది గడప గాదు."

"పసుపు రాసి ఉన్నదా లేదా?"

"నువ్వే రాసినవ్ గదా!"

"మరి పసుపు రాసినంక గడప గాకపోతే ఏందే పిల్లా?"

పంతులు గారిని అడిగాము. ఆయన పంచాంగం చూశారు, చేతి పెట్టె చూశారు, మళ్ళీ పంచాంగం చూశారు. "గడప ఏడున్నా గడపనే. రెండు గడపలు పెట్టుకోండ్రి" అన్నారు. అందుచేత ఆటలోనే వాగుకు అవతల అమృత తనకొక వేరే ఇల్లు కట్టుకోవాలని, పాత ఇల్లు వియ్యపురాలికి వదలాలని నిర్ణయమైంది. రేపటి నుండి కట్టె కొట్టుడు మొదలు.

ఇంకొక మాట. ఒక ఆట గురించి ఇంత బాధ ఎందుకని అమ్మాయిని అడిగాను. ఆమె చెప్పింది చెప్పినట్టే రాస్తున్నాను. "బాపూ, గా ఇంట్ల ఏ కూర వండాలె అనేది గూడ మామయ్యనే చెప్తడు. మొదటిసారి ఆటల నేను 'ఏం ఏద్దాం అత్తమ్మా?' అని అడిగిన. రిమోట్ ఒళ్ళె పెట్టుకొని నా దిక్కు తిరిగింది. తర్వాత 'నన్నానే?' అన్నది."

ఈ భాగాన్ని తాము ఏ ఫైలులో పెట్టుకుంటారో తమ ఇష్టం.

చేతి పెట్టె గురించి నా అభిప్రాయం కూడా మారుతున్నదని తెలియజేసుకుంటున్నాను. అమ్మాయి దాన్ని మా మరమగ్గాల సాంచాల షెడ్డులోకి తెస్తే, కరెంటు పోయిన సమయంలో పనివాళ్ళందరూ చుట్టూ చేరి "బర్రెకు గడ్డెయ్యి బిడ్డా" అని సలహాలిస్తున్నారు. మగ్గం కదలలేదు గాని, కదిలేది కూడా జనాన్ని కూర్చగలదు.

భవదీయుడు,
నర్సన్న

•

సిరిసిల్ల,
12 జులై 2025.
(తపాలా ద్వారా)

వియ్యంకులు చంద్రయ్య గారి సముఖమునకు,

వివరాలన్నీ గణేశ్ ద్వారా అంది ఉంటాయి గనుక తిరిగి వ్రాయను. శుభవార్త మాత్రం తెలియజేస్తున్నాను. వేరే ఇల్లు పూర్తయింది. అమృత నిన్ననే అందులో దిగింది. ఎల్లన్న దగ్గరుండి కిటికీలకు నీలం రంగు వేయించాడు. ఊరికే దిగకూడదని మా ఇంటామె పాలు పొంగించింది. వియ్యపురాలితో అన్నీ ముందే మాట్లాడుకున్నాము. "ఇగ నా పానం నిమ్మలమైంది" అన్నారు. అల్లుడిని సంప్రదించవలసిన అవసరం కనబడలేదు.

ఇక అందరూ సుఖంగా నిద్రపోవచ్చును.

భవదీయుడు,
నర్సన్న

•

కోరుట్ల,
15 జులై 2025.

శ్రీ నర్సన్న గారికి,

గణేశ్ ద్వారా నాకు ఏ వివరాలూ అందలేదు. గణేశ్ కూడా అందలేదు. తమ 12వ తేదీ లేఖ మాత్రం అందింది. దాన్ని నిలబడి చదవడం మొదలుపెట్టి కూర్చుని ముగించాను.

కాపురానికి వచ్చి నాలుగు నెలలు నిండని కోడలు వేరే ఇల్లు కట్టుకొని దిగడం ఒకటి. ఆషాఢంలో పాలు పొంగించడం రెండు. ఈ రెండింటినీ 'శుభవార్త' అనే శీర్షిక కింద నాకు తెలియజేయడం మూడు. పెరుగు దగ్గర జరిగినదానికి పాల దగ్గర బదులు తీర్చుకున్నారని భావించవలసి వస్తున్నది.

నా భార్యను విచారించాను. "ఔ, నేనే కట్టుకొమ్మన్న. ఒక్క ఇంట్ల ఇద్దరికి కష్టమైతుంది" అని సంతోషంగా చెప్పింది. అక్షయ్‌ని విచారించాను. "ఏ ఇల్లు బాపూ?" అన్నాడు. కిటికీల రంగు వరకు వచ్చిన వ్యవహారం భర్తకు తెలియదు. మామకు తెలియదు. దుబాయి నుండి వచ్చిన చిన్నాయనకు తెలుసు.

ఈ పెట్టె రాకముందు మా ఇంట్లో వేరు పడే మాట ఏనాడూ లేదు. అత్తాకోడళ్ళు దాని ముందు కూర్చునే ఈ పథకం వేసి ఉంటారని నిర్ధారణకు వచ్చాను. కావున తమ సమ్మతి కోరిన నా మొదటి లేఖను ఉపసంహరించుకుంటున్నాను. సమ్మతి లేకుండానే చర్య తీసుకుంటున్నాను. ఈ ఉదయం పెట్టెను వైర్లతో సహా ఊడదీసి, జగిత్యాల దుకాణంలో ఇచ్చేయమని అక్షయ్ చేతికి అప్పగించాను. భవిష్యత్తు ఏ పెట్టెదైనా సరే, ఈ ఇంట్లో దానికి తావు లేదు.

నా భార్య ఏమీ అనలేదు. మౌనాన్ని అంగీకారంగా భావించాను. ఈ రాత్రి ఏడు గంటలకు వార్తలు చూస్తాను.

ఇట్లు,
చంద్రయ్య

•

సిరిసిల్ల,
17 జులై 2025.

వియ్యంకులు చంద్రయ్య గారి సముఖమునకు,

తమ లేఖ, తమ శ్రీమతి ఒకే రోజు మా ఇంటికి చేరారు. లేఖ లోపలికి వచ్చింది. శ్రీమతి రాలేదు.

"ఆషాఢమన్నా, నేను గడప దాట" అని సంచి బయటనే పెట్టి అరుగు మీద కూర్చున్నారు. మా ఇంటామె ఎంత బతిమాలినా వినలేదు. అరుగు మీదనే మంచం వేయించాను. అన్నం అక్కడికే వెళ్తున్నది. దారిన పోయేవాళ్ళు ఆగి, "ఏమైంది, అత్తను కోడలు ఎళ్ళగొట్టిందా?" అని అడుగుతున్నారు. ఇల్లు కోడలిదే కాదని, అత్త లోపలికే రాలేదని, కాబట్టి వెళ్ళగొట్టే ప్రశ్న తలెత్తదని వివరిస్తున్నాను. ఎవరూ నమ్మడం లేదు.

గణేశ్ ఆచూకీ దొరికింది. మల్యాలలో వాళ్ళ బిడ్డ ఇంటి దగ్గర దిగి, మనవని పుట్టువెంట్రుకలకు కొండగట్టుకు పోయి, అక్కడే ఉండిపోయాడట. నా లేఖ ఆయన వేరే అంగీ జేబులో, ఆ అంగీ ఉతకవలసిన బట్టల్లో ఉన్నది. మన ఇద్దరినీ కాగితం మీద మాట్లాడుకొమ్మన్న పెద్దమనిషి కాగితాన్ని చూసుకున్న తీరు ఇది. ఆ లేఖను తెప్పించి దీనితో జత చేస్తున్నాను. దయచేసి దాన్ని ముందు చదివి, దీన్ని తరువాత చదవండి. ఈ వాక్యం ఇక్కడ కాక పైన వ్రాయవలసింది.

చదివారనుకుంటాను. వేరే ఇల్లు ఆటలోనిది. పాలు మాత్రం నిజమైనవే, ఇంట్లోవాళ్ళమే తాగాము.

పెట్టె ఊడదీసిన క్షణం నుండి ఇక్కడ చేతి పెట్టెలో ఆ పొలం కనిపించడం లేదు. 'దొరకలేదు' అని వస్తున్నది. వియ్యపురాలు ఆ మాట రెండుమార్లు చదివించుకున్నారు. ఆ పైన, "మీ బావకు రాయన్నా" అని నాతో చెప్పించిన మాటలు ఇవి:

"ఇల్లు ఆటలదని ఆయనకు తెల్వకపాయె, గది వేరే ముచ్చట. డబ్బ తీసేటప్పుడు నన్ను ఒక్క మాట అడిగిండా? మక్క చేతికచ్చే యాళ్ళయింది. గా పొలంల ఏం ఏసినా నేను చెప్పి ఏసిన. నష్టమచ్చినా నేను చెప్పిందే, లాభమచ్చినా నేను చెప్పిందే. గది పీకి బస్సెక్కిచ్చిండు. ఇగ వార్తలు చూసుకుంట కూసోమను. అన్నం గూడ వార్తలే పెడుతయి."

పొలం పోయింది గనుక అమృత కొత్తగా బీడు భూమి తీసుకున్నది. ఉన్నది ఒకటే చేతి పెట్టె. అత్త బయట, కోడలు లోపల. గడప మీదుగా ఇచ్చిపుచ్చుకోవడం మంచిది కాదు. అందుచేత అరుగు వైపు కిటికీ తెరిచి, చువ్వల నడుమ నుండి పెట్టెను అటూ ఇటూ మార్చుకుంటున్నారు. ఈమె దున్నితే ఆమె నీళ్ళు పెడుతుంది. కిటికీల విషయంలో పంచాంగం ఏమీ చెప్పలేదని పంతులు గారు ధ్రువీకరించారు. ఇంటి పెట్టె ఏనాటికీ చువ్వల మధ్య పట్టదు. భవిష్యత్తు గురించిన నా తుది అభిప్రాయం ఇదే.

కాని బావా, వియ్యపురాలు ఆ బీడును చూసే చూపులో ఉత్సాహం లేదు. రాళ్ళు ఏరుతూ పాత పొలం సంగతే చెబుతున్నారు.

భవదీయుడు,
నర్సన్న

•

కోరుట్ల,
20 జులై 2025.

బావా నర్సన్నకు,

జత చేసిన లేఖను ముందు చదివాను. తరువాత దీన్ని చదివాను. మళ్ళీ దాన్నే చదివాను. ఫైలులో పెట్టలేదు.

పాల గురించి, వేరు కాపురం గురించి నేను వ్రాసినవన్నీ రద్దు. పెరుగు గురించి వ్రాసినవి కూడా రద్దు చేస్తున్నాను. వడ్డించినవాడు మా మేనల్లుడేనని ఇప్పుడు ఒప్పుకోవడంలో నాకు నష్టం లేదు.

ఈ కింది భాగం నీ ద్వారా అరుగు మీద ఉన్నవారికి సమర్పించునది. చదివి వినిపించగలవు.

శ్రీమతి జమున గారికి సవినయ నివేదన.

నిన్న సెలవు పెట్టి జగిత్యాల వెళ్ళాను. పెట్టె దుకాణానికి పోలేదు. అక్షయ్ దాన్ని తన ఆఫీసు బీరువాలో, పాత రసీదు కట్టల వెనుక దాచాడు. నా ఆదేశాన్ని ఎందుకు పాటించలేదని అడిగాను. "గది అమృతది బాపూ. ఆమెను అడుగకుంట ఇచ్చేస్తే ఒక్క నెల గాదు, ఇగ నాకు బతుకంత ఆషాఢమే" అన్నాడు. వాడికి ఇంత లోకజ్ఞానం ఎవరి వైపు నుండి వచ్చిందో నాకు తెలుసు. మందలింపు జారీ చేయలేదు.

పెట్టెను ఒడిలో పెట్టుకొని కోరుట్ల బస్సెక్కాను. "ఏంది సార్ గది?" అని కండక్టర్ అడిగాడు. ఇంట్లో ఉంచే గేమ్ పెట్టె అన్నాను. "ఇంట్ల ఉండేదైతే బస్సుల ఎందుకున్నది?" అన్నాడు. ఏ పెట్టెకు భవిష్యత్తు ఉన్నదని మూడు వారాలుగా వ్రాస్తున్నవాడిని నేను. టికెట్ తీసుకున్నాను.

వైర్లు అక్షయ్ బిగించాడు. రిమోట్ పట్టుకోవడం నేర్పాడు. పొలం ఉన్నది. మొదటిసారి తెర వైపు తిరిగి చూశాను. ఇంత పెద్దదని తెలియదు.

నివేదించునది ఏమనగా, మక్క కోతకు వచ్చింది. కోశాను. నాలుగు మొక్కలను తొక్కాను. ఆ బాధ్యత నాదే. బర్రెలకు గడ్డి వేశాను. అందులో ఒకటి నా వెంట తిరుగుతున్నది, కారణం తెలియదు. వాగు అవతలి నీలం కిటికీల ఇంటికి తాళం ఉన్నది. ఇవతలి ఇంట్లోకి తమ అనుమతి లేనందున నేను అడుగుపెట్టలేదు. రాత్రి నా బొమ్మ కొట్టం పక్కన సొమ్మసిల్లింది. తడిసినట్టు నాకే అనిపించింది. ఏడు గంటల వార్తలు ఎప్పుడు వచ్చి పోయాయో గమనించలేదు. అన్నం నేనే వండుకున్నాను. దాని గురించి నివేదించదగినది ఏమీ లేదు.

ఇప్పుడు కోసిన మడులన్నీ ఖాళీగా ఉన్నాయి. కొట్టంలో విత్తనాల సంచులు ఐదారు రకాలవి ఉన్నాయి. పసుపా, పల్లియా, మళ్ళీ మక్కనేనా, ఏది వేయాలో నాకు బోధపడలేదు. అక్షయ్ "ఏదో ఒకటి ఎయ్యి బాపూ" అన్నాడు. ఆ అధికారం నాకు లేదని వాడికి చెప్పాను.

తమ ఉత్తర్వు తపాలాలోనే రావాలన్న నియమం లేదు. తాము స్వయంగా బస్సులో తెచ్చినా స్వీకరించబడుతుంది. అంతవరకు ఆట కట్టేయలేదు. నా బొమ్మ సంచులన్నీ ముందు పెట్టుకొని గట్టు మీద నిలబడి ఉన్నది.

తమ ఉత్తర్వుల కోసం,
చంద్రయ్య